గుద్దులు తిన్నదాని మాట

నన్ను హెవీ బ్యాగ్ అంటారు. టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో, ఒక పాత బాక్సింగ్ జిమ్ములో, ఉక్కు దూలానికి గొలుసులతో వేలాడుతుంటాను. నా బరువు వంద పౌన్లు, మీ లెక్కలో 45 కిలోలు. పైన తోలు, లోపల గుడ్డపీలికలు. కొత్తలో ఒళ్ళంతా ఒకే తీరుగా మెత్తగా ఉండేదాన్ని. ఏళ్ళు గడిచేకొద్దీ పీలికలన్నీ కిందికి దిగిపోయి, అడుగున గట్టిపడి, భుజాల దగ్గర బోలుపడ్డాను. తెలిసినవాళ్ళు నా కిందిభాగం జోలికి రారు, మణికట్టు బెణుకుతుంది. నడుం దగ్గర తోలు చిరిగితే టేపు చుట్టారు. ఆ టేపు చిరిగితే దానిమీద ఇంకో టేపు. తోలుకన్నా టేపే ఎక్కువైందని ఓనరు నవ్వుతాడు గానీ కొత్తది కొనడు.

నన్ను ఏ ఛాంపియనూ కొట్టలేదు. ఇది జార్జ్ ఫోర్‌మన్ పెరిగిన ఊరు కనుక, ఆయన చెయ్యి తనమీద పడిందని చెప్పుకోవాలని ఇక్కడి ప్రతి పాత బ్యాగుకూ ఉంటుంది. నాకా అబద్ధం అక్కర్లేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చే వెల్డర్లు, పోటీలకు తయారయ్యే కుర్రాళ్ళు, పొట్ట తగ్గించుకోవాలనుకునే ఆఫీసు జనం, వీళ్ళే నా గురువులు. వీళ్ళవల్ల నాకు తెలిసిందేమిటంటే, దెబ్బలు రెండు రకాలు. ఒకటి తోపు. అది పడితే నేను ఊయలలా వెనక్కి పోయి మళ్ళీ కొట్టినవాడి మీదికే వస్తాను. చూసేవాళ్ళు ఓహో అంటారు, నాకు మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండదు. రెండోది తగిలీ తగలగానే చెయ్యి వెనక్కి పోయే గుద్దు. దానికి నేను పెద్దగా ఊగను, నడుం దగ్గర మడతపడతాను. పైన గొలుసు ఒక్కసారి ఎగిరి కిర్రుమంటుంది.

సాయంత్రం జిమ్ము ఖాళీ అయ్యాక నా పక్కన ఎప్పుడూ ఒకటే గొడవ. 1973 నాటి ఫోర్‌మన్, 1988 నాటి మైక్ టైసన్ ఒకే రింగులోకి దిగితే ఎవరు గెలుస్తారు? మా కోచ్ ఈ ఊరివాడు, వయసు మీరినవాడు, ఫోర్‌మన్ పక్షం. చేతులకు పట్టీలు చుట్టే కుర్రాడిది బ్రూక్లిన్. ఎవరి పక్షమో చెప్పక్కర్లేదు. ఆదివారాలు వచ్చే తెలుగబ్బాయి ఒకడు కూడా టైసన్‌కే ఓటేశాడు, ‘లైగర్’ సినిమాలో చూశాడట. సాక్ష్యం బలహీనం, ఉత్సాహం మాత్రం బలంగానే ఉంది.

కోచ్ ఎప్పుడూ కింగ్‌స్టన్‌తోనే మొదలుపెడతాడు. 1973 జనవరి 22, జమైకా. అంతకు రెండేళ్ళ క్రితం ముహమ్మద్ అలీనే ఓడించిన జో ఫ్రేజియర్, అప్పటికి ఓటమి ఎరగనివాడు, రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడ్డాడు. ఒక దెబ్బకైతే కాళ్ళు నేలను వదిలాయి.

"ఫ్రేజియర్ పొట్టి. వంగి ఊగుతూ మీదికి వస్తాడు. టైసనూ పొట్టే, వాడూ మీదికే వస్తాడు. ఇక చెప్పేదేముంది?" అంటాడు కోచ్.

"ఫ్రేజియర్ వేడెక్కడానికి రెండు మూడు రౌండ్లు పడుతుంది కోచ్. టైసన్‌కి అంతసేపు ఎందుకు? ఆ 1988లోనే స్పింక్స్‌ని 91 సెకన్లలో పంపించేశాడు. ఫ్రేజియర్‌కున్నది ఎడమ హుక్ ఒక్కటే, టైసన్‌కి రెండు చేతులూ ఉన్నాయి. మీవాడు వెడల్పుగా విసురుతాడు, ఆ సందులో మావాడు మూడు గుద్దులు పెట్టేస్తాడు."

కుర్రాడి మాటలో పస ఉంది. టైసన్ చదువుకున్న బడి అలాంటిది. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్స్‌కిల్ అనే చిన్న ఊరు, పోలీస్ స్టేషన్ మేడమీద జిమ్ము, కస్ డమాటో అనే ముసలి గురువు. ఆయన దగ్గర మా జాతిలోనే ఒక వింత ఉండేది. పరుపులు చుట్టి, వాటిమీద మనిషి బొమ్మ గీసి, దెబ్బ పడాల్సిన చోటల్లా అంకె వేశారు. అంకె పిలిస్తే ఆ చోట గుద్దు పడాలి. దాని పేరు విల్లీ. పేరూ అంకెలూ ఉన్న ఆ సంచిని తలచుకుంటే నాకు కొంచెం అసూయే.

కోచ్ మరో బాణం వేస్తాడు. అదే డమాటో శిష్యుడు ఫ్లాయిడ్ ప్యాటర్సన్. అతనూ చేతులు చెంపలకు ఆనించి నిలబడేవాడే. సోనీ లిస్టన్ అతన్ని 1962లో ఒకసారి, 1963లో ఒకసారి, రెండుసార్లూ మొదటి రౌండులోనే ముగించాడు. ఆ లిస్టన్‌తో కలిసి సాధన చేసినవాడే ఫోర్‌మన్. దీనికి కుర్రాడి జవాబు నాకు నచ్చింది. 1962లో ప్యాటర్సన్ బరువు 189 పౌన్లు. స్పింక్స్‌తో పోటీనాడు టైసన్ 218 పైచిలుకు, కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ 217 పైచిలుకు. అంటే త్రాసు ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. తేడా ఎత్తులో, చేతుల పొడవులో ఉంది. టైసన్ ఐదడుగుల పది అంగుళాలు, ఫోర్‌మన్ ఆరడుగుల మూడు పైనే. చేతుల చాపులో ఏడంగుళాలకు తగ్గని తేడా.

ఎవరి గుద్దు పెద్దదన్న వాదన మాత్రం నాకు విసుగు. కిన్షాసాలో అలీతో పోటీకి ముందు ఫోర్‌మన్ కొట్టిన బ్యాగుకు మాలో గొప్ప పేరుంది. ట్రైనర్ డిక్ శాడ్లర్ దాన్ని వెనకనుంచి కావలించుకుని పట్టుకుంటే, ఫోర్‌మన్ ఒకేచోట కొట్టి కొట్టి గుంట పెట్టాడు. రచయిత నార్మన్ మెయిలర్ దాన్ని తన పుస్తకంలోకి కూడా ఎక్కించాడు. మరి 1974 అక్టోబరు 30న ఏమైంది? అలీ తాళ్ళకు ఆనుకుని గుద్దులు తిన్నాడు, కానీ బ్యాగులా తిని ఊరుకోలేదు. ఎనిమిదో రౌండులో పడింది ఫోర్‌మనే.

నేను చూసేది దూరం. పొడుగు చేతులవాడి ఛాతీకి నన్ను ఆనిస్తే వాడి దెబ్బలో సగం సత్తువ పోతుంది. టైసన్‌కు దారి అదే, ఆ పొడుగు చేతుల లోపలికి దూరిపోవడం. ఫోర్‌మన్ దూరనిచ్చేవాడు కాదు. రెండు అరచేతులూ చాపి ఎదుటివాణ్ణి నెట్టేవాడు. నామీద పనికిరాదని చెప్పిన ఆ తోపే మనిషి విషయంలో ప్రమాదం. నేను గొలుసుకు కట్టి ఉన్నదాన్ని, నెడితే తిరిగొస్తాను. మనిషి తిరిగి రాడు, ఒక అడుగు వెనక తూలి, సరిగ్గా ఆ పొడుగు చెయ్యి బలంగా అందే చోట నిలబడతాడు. ఫ్రేజియర్‌కు జరిగింది అదే. నెట్టు, ఆ వెంటనే కింది నుంచి అప్పర్‌కట్. టైసన్ పక్కలకు ఎంత బాగా కదిలినా, లోపలికి రావాలంటే ముందుకే రావాలి.

వాళ్ళిద్దరూ ఒక రాత్రి ఒకే రింగెక్కారు. 1990 జూన్ 16, లాస్ వేగాస్. ఫోర్‌మన్ రోడ్రిగ్స్‌ను రెండో రౌండులో, టైసన్ టిల్‌మన్‌ను మొదటి రౌండులో పడగొట్టి, ఎవరి దారిన వాళ్ళు పోయారు. అప్పటికి ఒకరు 41 ఏళ్ళవాడు, ఇంకొకరు నాలుగు నెలల కిందటే టోక్యోలో డగ్లస్ చేతిలో కిరీటం పోగొట్టుకున్నవాడు. ఆ రోజు ఒకరితో ఒకరు తలపడినా మా గొడవ తీరేది కాదు. 2025 మార్చి 21న ఫోర్‌మన్ పోయిన వారమంతా జిమ్ములో దీని గురించే మాట్లాడుకున్నారు. కుర్రాడు మర్యాదకు కూడా తగ్గలేదు, కోచ్‌కు అదే నచ్చినట్టుంది.

నన్నడిగితే ఫోర్‌మన్, మూడో రౌండులో. మొదటి రౌండులో టైసన్ ఆయన్ని కింద కూర్చోబెట్టినా నేను ఆశ్చర్యపోను. 1976లో రాన్ లైల్ ఒకే రౌండులో రెండుసార్లు కూర్చోబెట్టాడు. ఫోర్‌మన్ లేచి, తర్వాతి రౌండులో లైల్‌ను ముగించాడు. టైసన్ రికార్డంతా తిరగేయండి: కిందపడి, లేచి, గెలిచిన పోటీ ఒక్కటీ లేదు.