తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే...

అమ్రాబాద్ మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల బీరువాను నేను. నా తలుపు మీద ఇప్పటికీ ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అనే ఉంది. 2016లో మేం నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చాం గానీ నాకు కొత్త రంగు పడలేదు. హాజరు పట్టీలు, బియ్యం లెక్కలు, బొమ్మల పుస్తకాలు అన్నీ నా కడుపులోనే. బడి నడిపే మనిషి తీరు నాకు తాళంచెవిని బట్టి తెలుస్తుంది.

మొదటి పెద్దమేడం ఎల్‌ఎఫ్‌ఎల్ హెచ్‌ఎం. ఆడవాళ్ళ చదువు వెనకబడిన చోట్లకని పుట్టిన పోస్టు అది. తాళంచెవి ఎప్పుడూ ఆమె కొంగుకే. చాక్‌పీసు కావాలన్నా ఆమెనే అడగాలి. బియ్యం గింజ పక్కకు పోయేది కాదు. ఆమె మీటింగుకు పోయిన రోజు కథల పుస్తకాలూ బయటికి వచ్చేవి కావు. ఆమెను తప్పుపట్టను. ఆడమనిషి మాట వినేదేందని ఊళ్ళో పెద్దలు అనుకునే కాలంలో అంత గట్టిగా ఉన్నందుకే బడి నిలిచింది.

ఇప్పటి మేడం ఇన్‌చార్జి. విద్యాహక్కు చట్టం లెక్కన 150 మంది పిల్లలు దాటితేనే ప్రాథమిక బడికి వేరుగా ప్రధానోపాధ్యాయులు. ఇద్దరే టీచర్లున్న మా బడిలో ఆమె ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూనే భోజనాల లెక్క పంపాలి. ఇంత బరువు ఒక్క మనిషి మీద పెట్టడం అన్యాయం. ఆమె తాళంచెవిని గోడమేకుకు తగిలించింది. ఐదో తరగతి పిల్లలే నన్ను తెరిచి, పేరు రాసుకుని పుస్తకాలు తీసుకుపోతారు. కొన్ని చినిగాయి. వాటిని పిల్లలే అతికించి తెచ్చారు.

ఇప్పపూల కాలంలో చెంచు పిల్లలు తల్లిదండ్రుల వెంట అడవిలోకి పోతారు. పట్టీలో వాళ్ళ గళ్ళు ఖాళీ. మేడం వాళ్ళ పేర్లు కొట్టేయలేదు. వాళ్ళ గూడేనికి, అదే పెంటకు, పోయి అవ్వలతో కూర్చుని మాట్లాడి వచ్చింది. మరుసటి ఏడు కొందరు పిల్లలు అవ్వల దగ్గరే ఉండి బడికొచ్చారు.

2024లో బడి మరమ్మతులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ వచ్చింది. ఆడవాళ్ళ పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే దానికీ అధ్యక్షురాలు, హెచ్‌ఎం కన్వీనరు. మొదటిరోజు ఆ అక్క గడప బయటే నిలబడింది.

“లోపలికి రా అక్కా, నువ్వే తెరిచి చూడు,” అంటూ మేడం తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.

పొదుపు లెక్కలు చూసిన కళ్ళు అవి. నల్లా బిల్లు, మరుగుదొడ్డి తలుపు బిల్లు తిరగేసి, “గీ తలుపుకు గింత ఎందుకైంది మేడం?” అంది. మేడం నొచ్చుకోలేదు. దుకాణానికి ఫోన్ చేసి బిల్లు మళ్ళీ రాయించింది. అప్పుడే అక్క సంతకం పెట్టింది.