సెకండ్ హ్యాండ్ వి-ట్విన్ ప్రకటనకు నల్లపాడు టీక

అవతారిక: నరసరావుపేట రోడ్డు మీద గుంటూరును ఆనుకుని ఉన్న నల్లపాడులో రోజువారీ బండి అంటే నూటపది కిలోల పైచిలుకు స్ప్లెండరో, దాని వరసైన మరొకటో. అట్టి ఊళ్ళో ఒక పాలిటెక్నిక్ కుర్రాడి మనసు రెండు సిలిండర్ల మోత మీదికి పోయిందనుకుందాం. కొత్తది కొనే స్తోమత లేదు. పాతబండి ప్రకటనలన్నీ ఒకే సంప్రదాయంలో ఉంటాయి గనుక, వాటిని అనుసరించి కూర్చిన మూలం ఇది.

మూలం: “హ్యోసంగ్ జీటీ 650ఆర్. ఏపీ 09 బండి. సింగిల్ హ్యాండ్. షోరూం కండిషన్. టైర్లు కొత్తవి. పెట్రోలు కొట్టించి తోలుకుపోవడమే.”

హ్యోసంగ్ జీటీ 650ఆర్ = దక్షిణ కొరియాలో పుట్టిన 647 సీసీ స్పోర్ట్స్ బండి. సిలిండర్లు రెండూ 90 డిగ్రీల కోణంలో విడివడి ఉంటాయి. ఆ కోణం వల్ల ఒక పిస్టన్ పుట్టించే కుదుపును రెండోది చాలావరకు అణిచేస్తుంది. శక్తి సుమారు 72 గుర్రాలు.

ఇచట పూర్వపక్షం: “ఇది సుజుకీ ఎస్‌వీ 650 ఇంజనే, పేరు మార్చారు” అని టీకొట్టు పండితుల మతం. ఆ మతం నిలవదు. 1999లో వచ్చిన ఎస్‌వీ ఇంజనులో బోరు 81 మిల్లీమీటర్లు, స్ట్రోకు 62.6, వెరసి 645 సీసీ. కొరియా దానిలో బోరు 81.5, స్ట్రోకు 62. పోలికలు ఎన్ని ఉన్నా దీని పిస్టన్ దానిలో పట్టదు. పైగా ఎస్‌వీ 650ని సుజుకీ మన దేశంలో అమ్మకానికే పెట్టలేదు. కనుక సుజుకీ షోరూంలో సామాను దొరుకుతుందనే ఆశతో బేరానికి దిగరాదని సిద్ధాంతం.

గురుపరంపర కూడా విచారింపదగినది. హ్యోసంగ్ కంపెనీని మనకు మొదట కైనెటిక్ పరిచయం చేసింది. 2011లో గార్వారే, 2012లో డీఎస్‌కే, ఆ సంస్థ ఆర్థిక చిక్కుల్లో పడ్డాక 2018లో కైనెటిక్ వారి మోటోరాయల్ అందుకున్నాయి. కొరియాలోనూ కంపెనీ పేరు ఎస్ అండ్ టీగా, ఆపై కేఆర్ మోటార్స్‌గా మారింది. డీఎస్‌కే చేతిలోనే ఉండిన బెనెల్లీకి మాత్రం హైదరాబాదు మహావీర్ గ్రూపు వారి ఆదీశ్వర్ దొరికింది. ఇన్ని చేతులు మారిన బండికి క్లచ్ ప్లేట్లు, ఫ్యూయల్ పంపు ఎవరు తెప్పిస్తారు, ఎన్నాళ్ళకు తెప్పిస్తారు అన్నది రేటు కంటే ముందు అడగవలసిన ప్రశ్న.

ఏపీ 09 = శ్లేష. చూడగానే మన రాష్ట్రం బండే అనిపిస్తుంది. గుంటూరుది ఏపీ 07, 09 ఖైరతాబాదుది. 2014 జూన్ 2 తర్వాత ఆ ఆఫీసు తెలంగాణది. కాబట్టి ఫారం 28తో ఎన్‌ఓసీ అక్కడినుంచి రావాలి, ఆపైన 29, 30. హైదరాబాదులో పడిన చలానాలు తీర్చారో లేదో నంబరు కొట్టి చూసుకోవాలి. 2012లో రిజిస్టరైన బండి అయితే పదిహేనేళ్ళ గడువు 2027లో తీరుతుందనీ, ఆపై ఐదేళ్ళకోసారి రెన్యువల్ అనీ గ్రహించేది.

సింగిల్ హ్యాండ్ = ఒకే యజమాని. సి-బుక్కులో ఓనరు వరుస సంఖ్య ఉంటుంది, అదే ప్రమాణం. పేరు మార్పించకుండా ముగ్గురు తోలినా అది ‘ఒకటి’గానే కనబడుతుంది.

షోరూం కండిషన్ = అతిశయోక్త్యలంకారము.

దీనికి పరీక్షలు చెప్పబడుచున్నవి. పొద్దున్నే, చెప్పకుండా వెళ్ళి ముందు ఇంజను మీద చెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి ఉంచాడని అర్థం. చల్లగా ఉన్న ఇంజనును స్టార్ట్ చేసి, రెండు సిలిండర్ల సైలెన్సర్ గొట్టాల మీదా నాలుగేసి నీటి చుక్కలు చల్లాలి. ఒకటి సుర్రుమని రెండోది తడిగానే ఉంటే, బండి ఒక సిలిండరు మీదే బతుకుతోంది. తర్వాత రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా అలాగే వదిలెయ్యాలి. మే నెల ఎండలో, మిర్చి టిక్కీల లారీ వెనక గేరు మార్చుకుంటూ పాకే దారిలో ఆ ఫ్యానే దిక్కు. కూలెంటు బదులు బోరు నీళ్ళు పోసిన రేడియేటర్ లోపల తుప్పు రంగు చెబుతుంది. వెనక సిలిండరు వేడి తోలేవాడి తొడల దగ్గరికే వస్తుంది. అది రోగం కాదు, జాతి లక్షణం.

ఇంకా, బ్యాటరీకి మల్టీమీటరు పెట్టి రేజ్ చేస్తే 13.5, 14.5 వోల్టుల మధ్య చూపాలి. అంతకు తగ్గితే స్టేటరో, రెక్టిఫయరో పోయిందన్నమాట. ఈ జాతి బండ్లలో ఇది పాత ఫిర్యాదే. ఫోర్కు గొట్టాల మీద వేలు రాస్తే నూనె అంటకూడదు.

టైర్లు కొత్తవి = అరగనివి అని మాత్రమే. ఒంగోలు గిత్తను కొనేవాడు పళ్ళు చూసినట్టు టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చూడాలి. 2316 అంటే 2016వ ఏడు 23వ వారం. షెడ్డులో నిలబడ్డ బండికి గుండీలు అరగవు, రబ్బరు మాత్రం గట్టిపడి తడిరోడ్డు మీద జారుతుంది. ఏబీఎస్ లేని బండికి ఇది మరీ ప్రమాదం.

పెట్రోలు కొట్టించి = ట్యాంకు 17 లీటర్లు. లీటరు వంద దాటిన ఆంధ్రలో ఫుల్ ట్యాంకుకు పదిహేడు వందల పైనే.

తాత్పర్యము: రెండు వందల కిలోలు దాటిన బరువు, నడుం వంచే హ్యాండిలు, చటుక్కున తిరగని ముందు చక్రం. ఇంట్లో ఇంకో బండి ఉండి, ఆదివారం పొద్దున చిలకలూరిపేట హైవే మీద తోలదలచినవారికి, కాగితాలు తేలితే ఇది కొనదగినది. రోజూ కాలేజీకి, బజారుకు పోవలసినవారికి కాదు. రెండో రకం వారిని పట్టింది ఆ మోత ఒక్కటే అయితే, 2018లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 కూడా చూడాలి. దాని సిలిండర్లు పక్కపక్కనే ఉన్నా, క్రాంకును 270 డిగ్రీలకు మలిచినందున పేలుళ్ళ వరస 90 డిగ్రీల వి-ట్విన్ వరసే. గుర్రాలు 47 మాత్రమే. క్లచ్ ప్లేట్లు మాత్రం గుంటూరులోనే దొరుకుతాయి.