ఐతుకు చేతిలో ఫోను లేదు

యవ్వనస్థులు చెడిపోతున్నది సెల్‌ఫోను వల్లేనని సంఘపెద్దలు అంటారు. ఆ మాట అందరికీ చేరాలని వాట్సాప్ గ్రూపులో పెడతారు. యూత్ లీడర్లేమో ట్రైపాడు, రింగులైటు, కాలర్ మైకు కొనిస్తే చాలు, ఉజ్జీవం దానంతటదే దిగివస్తుందని నమ్ముతారు. ఇద్దరి లెక్కలోనూ ఫోనులో ఏదో ఆత్మ ఉంది. ఒకరు దాన్ని వెళ్లగొట్టాలంటారు, ఇంకొకరు దిగి రమ్మంటారు. నాకు తోచేది వేరు. మందిరానికి నడిచి రాగలవాడికి ఫోను వల్ల ఒరిగేది బహు తక్కువ. పొట్టకూటికో చదువుకో ఊరు దాటిపోయినవాడికి మాత్రం అది లేకపోతే సంఘంతో పొత్తే తెగిపోతుంది. నల్లమల అంచున ఉన్న మన పెద్దదోర్నాల లాంటి చోట ఈ తేడా గమనించకుండా ఏది కొన్నా కరెంటు బిల్లు పెరగడమే.

ఫోను వల్ల కుర్రాళ్లకు వాక్యం మీద ధ్యాస నిలవడం లేదన్నది మొదటి అభ్యంతరం. దీనికి జవాబు అపొస్తలుల కార్యముల 20వ అధ్యాయంలోనే ఉంది. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే, కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రాడు నిద్రపట్టి మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. వాడి చేతిలో ఫోను లేదు, రీల్స్ లేవు. చెబుతున్నది చూస్తే సాక్షాత్తూ పౌలు! పౌలు కిందికి దిగి వాణ్ణి బతికించి, మళ్లీ పైకెక్కి తెల్లవారేదాకా మాట్లాడాడు. మన అయ్యగార్లు ఈ కథలో రెండో సగాన్నే ఆదర్శంగా తీసుకున్నట్టు కనిపిస్తుంది.

ఈ సీమలో సువార్త ఎలా పాకిందో చూస్తే అసలు విషయం తెలుస్తుంది. తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగే ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ మాట ఆయన బంధువర్గం వెంట, బేరాల వెంట నడిచింది. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని ఒప్పుకుని జనానికి కూలి చూపించాడు. తట్టలు మోసినచోటే మాటలూ సాగాయి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర, మన నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మలోనే, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. హారన్ మైకు లేదు, ఫ్లెక్సీ లేదు, అడ్మిన్ అసలే లేడు. ‘మరి ఫోనెందుకయ్యా?’ అని అడగొచ్చు. పేరయ్య నడిచిన దారులు ఇప్పుడు హైదరాబాదుకూ బెంగళూరుకూ మళ్లాయి, అందుకు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం కాచుక్కూర్చునే ఓపిక పిల్లలకు లేదు. కూలి ఉన్నచోటికి మాట వెళ్లాలన్నది క్లౌ నాటి సూత్రమే. ఇవాళ ఆ మాటను మోసుకెళ్లేది ఫోను.

అయితే మోయించాల్సింది ఏమిటి? 2020 ఏప్రిల్ 12న ఈస్టరు లాక్‌డౌన్‌లో వచ్చింది, లైవ్ తప్ప గతిలేదు. లాక్‌డౌన్ ఎత్తేశారు గానీ లైవ్ ఎత్తలేదు. ‘దేశ విదేశాల నుండి వీక్షిస్తున్న ప్రియులారా’ అని అయ్యగారు వందనాలు చెబుతుంటే, ఆ పదకొండు వ్యూస్‌లో ఎనిమిది ఎదురుగా చాప మీద కూర్చున్నవాళ్లవే. ఆ ఎనిమిదిమందీ సౌండు ఆపడం మరచిపోతే అయ్యగారి ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. యూట్యూబులో పట్నం ప్రసంగీకులు కుర్రాళ్లను లాక్కుపోతున్నారు కాబట్టి మనమూ పోటీపడాలని కొందరంటారు. ఆ పోటీలో గెలుపు లేదు, ఆ అవసరమూ లేదు. పట్నం ప్రసంగీకుడికి దోర్నాల కుర్రాడి పరీక్ష ఫీజు బాకీ తెలియదు, అయ్యగారికి తెలుసు. కాబట్టి గంటన్నర వీడియో కంటే పేరుపెట్టి పిలిచే రెండు నిమిషాల ఆడియో మేలు. శ్రీశైలం ఘాట్‌లో సిగ్నల్ పోయినా, అడవి దాటాక అదే దిగుతుంది.

నాకు నిజంగా భయం కలిగించే అభ్యంతరం ఇంకొకటి ఉంది. దాన్ని పెద్దలు ఎత్తరు. ప్రార్థన అవసరతల పేరుతో ఫలానా అమ్మాయి సంగతి, ఇంటిపేరుతో సహా, గ్రూపులో పడుతుంది. సాయంత్రానికి కంభం, రాత్రికి గిద్దలూరు చేరుతుంది. చివర్న ‘ఆమేన్’లు నలభై. మార్కాపురం పలక మీద రాసింది తడిగుడ్డ పెడితే పోయేది. స్క్రీన్‌షాట్‌కు అలాంటి గుడ్డ ఇంకా పుట్టలేదు. ఇలాంటివి గ్రూపులో పెట్టకూడదన్న నియమం రింగులైటు కంటే ముందు రావాలి. దానికి కానుకలు ఎత్తాల్సిన పని కూడా లేదు.

ఆదివారం కెమెరా పట్టుకునే ముగ్గురు కుర్రాళ్లకు ఆ పని మాన్పించి, బయటి ఊళ్లలో ఉన్నవాళ్లను తలా నలుగురిని అప్పగిస్తే సరిపోతుంది. వారానికోసారి ఫోను చేసి ‘అన్నం తిన్నావా, జీతం పడిందా’ అని అడగాలి, ఆ తర్వాతే వాక్యం. దీనికి వ్యూస్ రావు, లైకులు రావు. కాబట్టి వార్షిక నివేదికలో ఏ పద్దు కింద రాయాలో తేల్చడానికి సంఘపెద్దలు ఒక మీటింగు పెట్టుకోవాల్సి ఉంటుంది. లైవ్ లేకుండా.