తొక్కితే వణుకుతోంది: సటీకం

మూలం: “ఆటోమేటిక్ బండి. తొక్కితే వణుకుతోంది. చూడగలరు.”

టీక: సర్వీస్ సెంటర్ జాబ్‌కార్డుల మీద తరచు కనిపించే సూత్రమిది. సూత్రానికి అక్షరాలు తక్కువ ఉండాలన్నారు, సందేహం ఉండకూడదనీ అన్నారు. ఇక్కడ మొదటి లక్షణం ఒక్కటే కుదిరింది. ‘ఆటోమేటిక్’ అనగా క్లచ్ పెడల్ లేనిది అని లోకవ్యవహారం. కానీ ఆ ఒక్క పేరు కింద మన రోడ్ల మీద టార్క్ కన్వర్టర్, సీవీటీ, డ్యూయల్ క్లచ్, ఏఎంటీ అని నాలుగు జాతులు తిరుగుతున్నాయి. చివరిది మామూలు గేర్‌బాక్సే, క్లచ్‌ను మాత్రం మన కాలికి బదులు యంత్రం నొక్కుతుంది. ‘చూడగలరు’ అన్నది మర్యాదార్థకం, బిల్లు చేతికి వచ్చేదాకా దానికి వేరే అర్థం లేదు. ఇక ‘తొక్కితే’ చేదర్థకం. వ్యాఖ్యాత ఆగవలసిన చోటు ఇదే. ఎంత తొక్కితే, ఏ వేగంలో, ఇంజిన్ వేడెక్కక ముందా తర్వాతా అన్నవన్నీ అధ్యాహారం చేసుకోవాలి. ఇవి తేలకుండా గేర్‌బాక్స్ విప్పడం శాస్త్రసమ్మతం కాదని ఈ టీకాకారుడి మతం.

పూర్వపక్షం: బండి ఆటోమేటిక్, పైగా వణుకుతోంది, కనుక గేర్‌బాక్స్ పోయింది. ఈ పక్షానికి అనుయాయులెక్కువ, ఖర్చూ ఎక్కువే. హేతువు మాత్రం అనైకాంతికం, ఎందుకంటే గేర్‌బాక్స్ నిక్షేపంగా ఉన్నా బండి వణకవచ్చు. స్పార్క్ ప్లగ్గో ఇగ్నిషన్ కాయిలో బలహీనపడితే, బరువు పడ్డప్పుడు ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంది, అదీ తొక్కితేనే తెలుస్తుంది. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే ముందు అటే చూడాలి. ఆగిన చోటు నుంచి గట్టిగా తొక్కినప్పుడు బండి పక్కలకు ఊగి, కాలు తీయగానే సర్దుకుంటే, అనుమానం యాక్సిల్ లోపలివైపు జాయింటు మీదికి పోవాలి. ఇంజిన్ మౌంటింగులు కూడా ఇదే కోవలోవి, వాటిని చూడటానికి ఎంతోసేపు పట్టదు.

సిద్ధాంతం: బండి వేడెక్కాక, గంటకు 50–80 కిలోమీటర్ల మధ్య, పెడల్ మీద కాలు తేలికగా ఆనించి ఉంచినప్పుడు, టోల్‌ప్లాజా ముందటి గీతల మీద పోతున్నట్టు కొన్ని క్షణాలు గుర్రుమని ఆగిందా? అప్పుడు టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్‌ను అడగాలి. కన్వర్టర్ మామూలుగా నూనె ప్రవాహంతోనే శక్తిని అందిస్తుంది. నిలకడ వేగంలో ఇంధనం వృథా కాకుండా ఈ క్లచ్ పట్టుకుంటుంది. నునుపుగా జారుతూ పట్టుకోవడానికి నూనెలో కలిపిన రసాయనాలే దానికి ఆధారం. అవి క్షీణిస్తే క్లచ్ పట్టీ అంటుకుంటుంది, విడిపోతుంది, మళ్లీ అంటుకుంటుంది, అదే వణుకు. పరీక్ష సులువు. ఖాళీ రోడ్డు మీద వణుకు సాగుతుండగా, యాక్సిలరేటర్ కదపకుండా బ్రేక్ పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రం తాకాలి. సాధారణంగా ఆ స్విచ్ లాకప్‌ను విడిపిస్తుంది. వణుకు ఠక్కున ఆగితే అనుమానం చాలావరకు బలపడినట్టే. ‘చాలావరకు’ అనడానికి కారణముంది: లాకప్ పడ్డప్పుడు నూనె మెత్తదనం అడ్డు ఉండదు కనుక ఇంజిన్ మిస్సింగ్ కూడా నేరుగా సీటు దాకా వస్తుంది. అందుకే స్కానర్ పెట్టి మిస్‌ఫైర్ లెక్క కూడా చూడాలి.

అయితే నూనె మారిస్తే సరిపోతుందా అని శంక. కొన్నిచోట్ల సరిపోయింది. జనరల్ మోటార్స్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లలో ఈ వణుకు ప్రసిద్ధం. పాత నూనె పూర్తిగా తీసి కొత్త తరహా నూనె నింపమని ఆ సంస్థే డీలర్లకు చెప్పింది. క్లచ్ పట్టీ కాలిపోయి ఉంటే మాత్రం ఏ నూనె పోసినా వృథా. పొడి డ్యూయల్ క్లచ్‌కైతే నూనె వైద్యం కాదు, రోగం. అలాంటి క్లచ్ ఉన్న ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్ వణుకుకు ఉన్న కారణాల్లో ఒకటి, సీలు నుంచి నూనె కారి పొడిగా ఉండవలసిన క్లచ్ తడవడం.

నడిపేవాడి తీరే కారణమని ఇంకో వాదం. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించే అలవాటు పొడి క్లచ్‌ను వేడెక్కించే మాట నిజమే, అంతవరకు ఒప్పుకోవాలి. కానీ లోపం తెలిసీ ఆ వాదాన్ని చెప్పడం వేరు. ఈ పవర్‌షిఫ్ట్ వణుకు మీ డ్రైవింగ్ వల్లేనని కస్టమర్లకు చెప్పడం కూడా కలిసిన వ్యవహారంలో, 2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి డాలర్ల జరిమానా వేసింది.

‘ఈ నూనె జీవితకాలం’ అన్న ఆప్తవాక్యం మాటేమిటి? ఎవరి జీవితకాలమో మాన్యువల్ చెప్పదు. గేర్‌బాక్స్‌లు తయారుచేసే జడ్ఎఫ్ సంస్థ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. మార్చేటప్పుడు బండికి చెప్పిన రకమే పోయించాలి, సీవీటీ నూనె వేరు. కింది బిరడా విప్పితే కన్వర్టర్‌లోని పాత నూనె చాలావరకు లోపలే ఉండిపోతుంది. ఒకసారి మార్చాక వణుకు సగమే తగ్గితే, గేర్‌బాక్స్ దింపించే ముందు రెండోసారి మార్పించి చూడవచ్చు.