ఊతకర్ర పద్యం – టీకా తాత్పర్యం

ఆ.వె.
వంగు కర్ర మేలు వాలుదారులలోన
విరుగుదానికన్న వెలయుఁ దగ్గు
పట్టు జారకుండఁ బట్టియుండెడి మీట
మొనయుఁ జూచి కొనుము మోజు వీడి

అవతారిక: ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద షికారు చేసేవారికి కర్రతో పనిలేదు. మంచాల దాటి రాచకొండ గుట్టల్లో రోజంతా నడవాలని బయల్దేరి, ట్రెక్కింగ్ కర్రల దుకాణంలో దిక్కుతోచక నిలబడ్డవానికి కవి చేసిన హితబోధ ఇది. కవి పేరు తెలియదు. మోకాళ్ల నొప్పులున్నవాడని మాత్రం స్పష్టం.

ప్రతిపదార్థం: వాలుదారులలోన = దిగుడు బాటల్లో; వంగు కర్ర = అల్యూమినియం కర్ర; మేలు = శ్రేష్ఠం; విరుగుదానికన్న = కార్బన్ ఫైబర్ కర్ర కంటే; వెలయున్ = ధర కూడా; తగ్గు = తక్కువ; పట్టు జారకుండన్ = ఒంటి బరువు మోపినా లోపలికి కుంగకుండా; పట్టియుండెడి = బిగిసి నిలిచే; మీట = పొడవును బిగించే లీవరును; మొనయున్ = కొసనున్న టంగ్‌స్టన్ కార్బైడ్ ములుకును కూడా; చూచి = పరీక్షించి; మోజు వీడి = రంగులకు మురిసిపోక; కొనుము.

తాత్పర్యం: దూరం నడిచేవాడు తేలికదనం కన్నా మన్నికను చూడాలి. మీట బిగించి, దుకాణంలోనే బరువంతా మోపి చూడాలి. కుంగితే అక్కడే వదిలేయాలి.

విశేషాలు: “కార్బన్ తేలిక కదా?” అని పూర్వపక్షం. నిజమే. కానీ రాచకొండ బండల నెర్రెలో మొన ఇరుక్కుని, మనిషి పక్కకు తూలినప్పుడు కార్బన్ ఫటుక్కున విరుగుతుంది. అల్యూమినియం సొట్టపడుతుంది, వంకరకర్రతోనైనా ఇల్లు చేరవచ్చు. ఇది సిద్ధాంతం.

కొలత పద్యంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. మొన నేలకాన్చి పిడి పట్టుకుంటే మోచేయి లంబకోణంలో ఉండాలి. ఎక్కేటప్పుడు కొంత తగ్గించాలి, దిగేటప్పుడు పెంచాలి. సాగర్ రోడ్డు తారు మీద మొనకు రబ్బరు తొడుగు వేయాలి. వానలో తడిస్తే భాగాలు విడదీసి ఆరబెట్టాలి.

రసం: రాచకొండనేలిన సింగభూపాలుడు రసార్ణవసుధాకరం రాసినవాడు. ఆయన గుట్టలెక్కుతూ రసవిచారం మానరాదు. ఎక్కేటప్పుడు వీరం, దిగేటప్పుడు కరుణం, కర్ర విరిగితే రౌద్రం. బిల్లు పారేసుకుని గ్యారంటీ అడిగితే, పక్కవాళ్లకు హాస్యం.