చిట్టెమ్మ పథ్యం

తెలుగువాళ్ళ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, లంఖణం పరమౌషధం. రెండోది, పథ్యం సరిగ్గా చేస్తే సగం రోగం దానంతటదే పోతుంది. మా వంశం తరతరాలుగా ఈ రెండు మాటల మీదే బతికి బట్టకట్టింది. మా పిల్లి చిట్టెమ్మకి కిడ్నీ జబ్బని తేలాక రెండూ ఒకేసారి చెల్లకుండా పోయాయి. పథ్యం పెడితే తినదు. తినకపోతే లంఖణమే కదా, మంచిదేలే అని ఊరుకుందామంటే పిల్లులకి అది పరమౌషధం కాదు, పరమ ప్రమాదం. రెండు మూడు రోజులు వరసగా తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది. కిడ్నీ రోగి కాస్తా లివర్ రోగి కూడా అవుతుంది.

చిట్టెమ్మకి 15 ఏళ్ళు. మనిషి లెక్కలో 76 అని డాక్టరమ్మ చెప్పారు. మా అమ్మకి 78. ఆ లెక్క విన్న దగ్గర్నుంచి అమ్మ చిట్టెమ్మని "పాపం, చిన్నది" అంటోంది.

రక్తపరీక్షలో క్రియాటినిన్ 3.1 వచ్చింది. పిల్లుల కిడ్నీ జబ్బుని నాలుగు దశలుగా లెక్కేస్తారు. 2.9 నుంచి 5 దాకా ఉంటే మూడో దశ. డాక్టరమ్మ మందుల చీటీ వెనక రెండు చిక్కుడు గింజలు గీసి, ముప్పావు వంతు పెన్నుతో కొట్టేసి, "ఇంత పోయేదాకా ఈ అంకె పెద్దగా కదలదు సార్" అన్నారు. అంటే చిట్టెమ్మ పావలా వంతు కిడ్నీతో సంసారం నెట్టుకొస్తోందన్నమాట. పైకి ఏమీ తెలియనివ్వలేదు. బీరువా మీదికి ఎగరడం మానలేదు, మా ఆవిడ పట్టుచీరల మీద పడుకోవడమూ మానలేదు. ఒక్క నీళ్ళు మాత్రం తెగ తాగేది. పిల్లి పూర్వీకులు ఎడారిలో బతికినవాళ్ళు. నీళ్ళు తక్కువ తాగి, ఉన్నదాన్ని పొదుపు చేసుకుని, మూత్రాన్ని చిక్కగా చేసి పంపడం వాళ్ళ కిడ్నీల ఘనత. జబ్బు చేస్తే ముందు పోయేది ఆ ఘనతే. అందుకే మండువేసవిలోనే కాదు, ధనుర్మాసంలో కూడా బాత్రూం బకెట్ మీదికి వంగి కనిపించేది.

ఈ జబ్బు ముసలి పిల్లులకే ఇంతగా ఎందుకొస్తుందని జపాన్‌లో టోరు మియాజాకి అనే వైద్య పరిశోధకుడు తవ్వి చూశాడు. కిడ్నీలో చెత్త ఎత్తిపోసే ప్రొటీన్ ఒకటి పిల్లుల రక్తంలో ఉంటుందట గానీ, అవసరం పడ్డప్పుడు ఉన్నచోటు నుంచి కదిలి పనిలోకి దిగదట. ఆ సంగతి 2016లో ప్రచురించారు. స్టాఫ్ ఉన్నారు, డ్యూటీకి రారు. చెత్త బండి కోసం గేటు దగ్గర బకెట్ పట్టుకుని నిలబడే అలవాటున్నవాణ్ణి కాబట్టి నాకు వెంటనే బోధపడింది. 2021లో ఆయన పరిశోధన డబ్బుల్లేక ఆగిపోయిందని వార్త వచ్చేసరికి, అక్కడి పిల్లి ప్రేమికులు విరాళాలు కుమ్మరించారు. మందు రావాలి. వచ్చేలోగా ఉన్నది పథ్యమే.

కిడ్నీ పిల్లుల కోసం ప్రత్యేకంగా తయారుచేసే తిండి ఉంది. అందులో ఫాస్ఫరస్ తక్కువ, ఉప్పు తక్కువ, మాంసకృత్తులు కొంచెమే అయినా మేలురకం. కిలో ధర మేం కొనే జీడిపప్పుని ఎప్పుడో దాటేసింది. 2006లో అమెరికాలో 45 కిడ్నీ పిల్లుల్ని రెండు జట్లు చేసి, రెండేళ్ళపాటు ఒక జట్టుకి ఈ పథ్యం, రెండో జట్టుకి మామూలు తిండి పెట్టిన ప్రయోగం వివరాలు ప్రచురించారు. మామూలు తిండి తిన్నవాటిలో దాదాపు ఐదింట ఒకటి కిడ్నీ జబ్బుతోనే పోయింది. పథ్యం తిన్న జట్టులో ఆ జబ్బుతో ఒక్కటీ పోలేదు. డాక్టరమ్మ ఇది చెబుతుంటే నా బుర్ర ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. తిన్నాయా! రెండేళ్ళు! ఎలా తినిపించారో ఆ శాస్త్రవేత్తలు విడిగా ఇంకో పేపరు రాయాల్సింది.

చిట్టెమ్మకి స్టీలు ప్లేటులో పెట్టాం. వచ్చింది. ముక్కు ఆనించకుండా వాసన చూసింది. తలెత్తి నా మొహంలోకి ఓసారి చూసింది. ఆ తర్వాత కుడి ముందుకాలితో ప్లేటు చుట్టూ గచ్చుని బరబరా గోకడం మొదలెట్టింది. ఇసుక ట్రేలో తన పని కానిచ్చాక కప్పెట్టడానికి ఎలా గోకుతుందో, అచ్చం అలాగే. చుట్టూ మూడు వైపులా గోకి, నాలుగో వైపు గోడ అడ్డం రావడంతో ఆగి, వెళ్ళిపోయింది. గచ్చు మీద మట్టి లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే ఆ జీడిపప్పు ధర తిండికి అక్కడే సమాధి కట్టేసేది.

అమ్మ సోఫాలోంచి అంతా చూసింది. "నోరులేని జీవమైనా ఎంత బాగా చెప్పిందిరా! మీ ఆవిడ ఉప్పులేని పొట్లకాయ కూర వడ్డించినప్పుడు నాకూ అలాగే గోకాలనిపిస్తుంది" అంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్కసారిగా పెరిగింది.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అని సామెత కట్టినవాడు పిల్లిని పెంచి ఉండడు. మా రోగి కోరింది పాలే. డాక్టరమ్మ మొదట కొట్టేసిందీ పాలే. ఫాస్ఫరస్ ఒక కారణం, పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలు సరిగ్గా అరగకపోవడం ఇంకో కారణం. పెరుగన్నం కూడా కొట్టేశారు. దాంతో అమ్మకీ చిట్టెమ్మకీ రహస్య ఒప్పందం కుదిరింది. అమ్మ భోజనం చివర పెరుగన్నం ముద్ద ఒకటి కంచం అంచున మిగులుతుంది, అమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేస్తుంది, తిరిగొచ్చేసరికి కంచం తళతళలాడుతుంది. ఇద్దరి మొహాల్లోనూ ఏమీ ఎరగని అమాయకత్వం.

కొత్త తిండిని పాతదాంట్లో చిటికెడు కలిపి వారాల తరబడి మెల్లగా పెంచుకుంటూ పోవాలి, గోరువెచ్చగా పెట్టాలి, పిల్లి నాలుకతో కన్నా ముక్కుతోనే ముందు తింటుంది అన్నారు డాక్టరమ్మ. పైన ఇష్టమైన చేప వాసన కాస్త తగిలిస్తే ఇంకా మంచిదట. మాది చేప గుమ్మం దాటని ఇల్లు. అయినా విశాఖపట్నంలో చేపకి కొదవేమిటి, పొద్దున్నే గంప మా అపార్టుమెంట్ గేటు దగ్గరే దిగుతుంది. సంచీ పట్టుకుని వెళ్ళి అరకిలో కవళ్ళు ఇమ్మన్నాను.

"పులుసుకా బాబూ, ఏపుడుకా?"

"ఉత్తినే ఉడకబెట్టడానికి. ఉప్పు కూడా వెయ్యం."

"అయ్యో, ఎవులికి బాబూ ఒంట్లో బాలేదు?"

"మా చిట్టెమ్మకి. కిడ్నీలు."

"పెద్దావిడా?"

"పదిహేనేళ్ళు."

ఆవిడ కత్తి కింద పెట్టేసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తూకం అయ్యాక ఇంకో రెండు చేపలు తీసి సంచీలో వేసి, డబ్బులొద్దంది. పిల్లి అని చెప్పడానికి ఆవిడ నాకు సందివ్వలేదు, ఉచిత చేపలు సంచీలో పడ్డాక చెప్పడం మర్యాద కాదు. ఇప్పుడు వాచ్‌మన్, ఇస్త్రీ బండి అబ్బాయి, రెండో అంతస్తు మాస్టారు, అందరూ "పాపకెలా ఉందండీ?" అని అడుగుతున్నారు. మాస్టారు దాతల్ని చూస్తానంటున్నారు.

తిండి ఇలా ఉంటే, మందుల సంగతి వేరే. చిట్టెమ్మకి బీపీ కూడా ఉంది. కిడ్నీ పిల్లుల్లో మామూలేనట, వదిలేస్తే చూపు పోవచ్చట. మందు అమ్లోడిపిన్. అమ్మ వేసుకునేదీ అదే. అమ్మది 5 మిల్లీగ్రాములు, చిట్టెమ్మది 0.625. అంటే రెండున్నర మిల్లీగ్రాముల బిళ్ళలో నాలుగో వంతు. శనగబద్దంత బిళ్ళని బ్లేడుతో నాలుగు చెయ్యాలి. మొదటి నొక్కుకి రెండవుతుంది. రెండో నొక్కుకి ఒక ముక్క ఫ్రిజ్ కిందికి, ఒకటి దేవుడి మందిరం వైపు వెళుతుంది. బ్లేడు కింద మిగిలిన పొడి నా వంతు.

మాత్ర తిండిలో కలిపేస్తే పోలేదా అని మీరు అడగొచ్చు. పాలు చూస్తేనే పారిపోయిన తెనాలి రామకృష్ణుడి పిల్లిని గుర్తు తెచ్చుకోండి. ఒక్కసారి మరిగే పాలు పెట్టాడు, అది ఇంక జన్మలో పాలగిన్నె వైపు చూడలేదు. కడుపులో తిప్పుతున్నప్పుడు బలవంతంగా పెట్టిన తిండినీ, చేదు తగిలిన తిండినీ పిల్లి అలాగే శాశ్వతంగా వెలేస్తుంది. రోజూ తినే దాంట్లో చేదుమందు దాచొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది అందుకే. పోనీ బెల్లం ముక్కలో పెడదామా, మన అమ్మమ్మల ఉపాయం కదా అంటే, పిల్లికి తీపే తెలియదు. తీపి పసిగట్టే జన్యువు పిల్లి జాతి మొత్తంలో చెడిపోయి ఉందని 2005లో కనిపెట్టారు.

కాబట్టి నోట్లోనే వెయ్యాలి. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలా అని ఎలుకలు సభ పెట్టుకున్నాయంటే, పని సులువైందని. మాత్ర వెయ్యడమే ఎజెండా అయితే కోరం ఉండేది కాదు. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. నేను తువ్వాలు పట్టుకునే అసిస్టెంటుని. వెనకనుంచి కూర్చోబెట్టి, బొటనవేలూ మధ్యవేలూ దవడల మూలల్లో ఆనించి, తల పైకెత్తితే కింది దవడ దానంతటదే వదులవుతుంది. నాలుక మొదట్లో మాత్ర పడెయ్యాలి, నోరు మూసి గొంతు నిమరాలి, వెంటనే సిరంజితో కాసిని నీళ్ళు పక్కనుంచి పొయ్యాలి. లేకపోతే ముక్క గొంతులో అతుక్కుని పుండు చేస్తుంది. ముక్కు నాక్కుందంటే మింగినట్టు లెక్క. చిట్టెమ్మ ఈ లెక్క కూడా నేర్చేసుకుంది. ముక్కు నాక్కుంటుంది, దిగి హుందాగా నడుచుకుంటూ వెళ్ళి, టీవీ స్టాండు వెనక ముక్కని ఉమ్మేస్తుంది.

"ఏవండీ, ఇది నిన్నటిదా, ఇవాళ్టిదా?" అని మా ఆవిడ చీపురు చివర ముక్కని చూపించి అడుగుతుంది.

నిజంగా మింగిన రోజున ఇంటిల్లిపాదికీ పండగ. అమ్మకి మాత్రం ఒళ్ళుమంట. "నేను రోజూ మాత్ర మొత్తం మింగుతున్నాను. ఒక్కరైనా చప్పట్లు కొట్టారట్రా?"

ఆకలికి మిర్టజపిన్ అని ఇంకో మాత్ర. మనుషుల్లో దిగులు జబ్బుకి వాడతారు, పిల్లుల్లో ఆకలి రేపుతుంది. చెవిలోపలి చర్మానికి రాస్తే చాలు అనే దీని ఆయింట్‌మెంట్‌కి అమెరికాలో 2018లో అనుమతిచ్చారు. మా వీధి మందుల షాపులో దొరికింది మాత్రే. చీటీలో పేషెంటు పేరు చిట్టెమ్మ, పక్కన మా ఇంటిపేరు. కుర్రాడు గొంతు తగ్గించి, "మేడమ్‌కి దిగులు ఎప్పట్నుంచి సార్?" అన్నాడు. అంతలో కింది వరస చదివి, "బరువు 3.2 కిలోలని రాశారేంటి సార్!" అన్నాడు ఇంకా గొంతు తగ్గించి. ఆ మందు వేసిన రాత్రి చిట్టెమ్మకి ఆకలితోపాటు హుషారూ వస్తుంది. రెండింటికి లేచి వరండాలో కచేరీ పెడుతుంది. మందు లక్షణమే, కంగారుపడొద్దు అన్నారు డాక్టరమ్మ. ఆవిడ మా కింద వాటాలో ఉండరు.

అన్నిటికన్నా భయపడింది సెలైన్‌కి, తీరా అన్నిటికన్నా సులువైంది అదే. రింగర్ లాక్టేట్ సీసాని వేణ్ణీళ్ళలో ఉంచి గోరువెచ్చగా చేసి, కిటికీ ఊచకి తగిలిస్తాం. మెడ వెనక వదులుచర్మాన్ని గుడారం ఎత్తినట్టు ఎత్తి సూది పెడితే, నరం వెతుక్కోనక్కర్లేదు, చర్మం కిందికే దిగుతుంది. చిట్టెమ్మ నా ఒళ్ళో కూర్చుని ఉడికించిన కవళ్ళ ముక్క నాకుతూ ఉంటుంది. నూరు మిల్లీలీటర్లు ఎక్కేసరికి భుజాల మధ్య మెత్తటి మూపురం లేస్తుంది. కాసేపటికి అది జారి ఒక ముందుకాలి మీదికి దిగుతుంది, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. ఆ కాసేపూ ఒక భుజం లావుగా, ఒక భుజం సన్నగా, ఎన్నికల్లో నెగ్గిన నడకతో ఇల్లంతా తిరుగుతుంది.

సలహాలిచ్చేవాళ్ళకి కొదవ లేదు. పక్కింటాయన ఒళ్ళు వెచ్చగా ఉందని చూసి "ఓ డోలో ముక్క వేసెయ్యండి" అన్నాడు. పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క బిళ్ళ చాలు ప్రాణం తియ్యడానికి. ఆయన మంచి మనసుతోనే చెప్పాడు గానీ, ఆ రోజు నుంచి మా మందుల డబ్బాకి తాళం వేస్తున్నాం.

డాక్టరమ్మ దగ్గర ఈ మధ్య పెరుగన్నం సంగతి బయటపడింది. అమ్మ స్వయంగా బయటపెట్టింది, కళ్ళల్లో నీళ్ళతో. ఆవిడ కోప్పడలేదు. పథ్యమే తినాలి, కానీ బొత్తిగా ఏమీ తినని రోజున ఏది తింటే అదే పెట్టండి, ఖాళీ కడుపుతో ఉండే పిల్లికి ఏ పథ్యమూ పనిచెయ్యదు అన్నారు. అమ్మ ఆ మాటలో మొదటి సగం ఇంటికి రాకముందే మర్చిపోయింది. చిట్టెమ్మ క్రియాటినిన్ మాత్రం 3.1 దగ్గరే ఉంది, బరువు కాస్త పెరిగింది.

మీ ఇంట్లో ఏడేళ్ళు దాటిన పిల్లి ఉంటే ఏడాదికోసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. ఒక పూర్తి రోజు ముద్ద ముట్టకపోతే లంఖణం పరమౌషధం అనుకుంటూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. బుట్ట మూత మాత్రం తాడుతో కట్టండి, గడియని నమ్మకండి.