మా రోజుల్లో మండీయే భాషల బడి

ఇప్పటి పిల్లలు పరాయి భాష నేర్చుకునే తీరు నాకు మింగుడు పడడం లేదు. మా తమ్ముని మనవరాలు నర్సింగ్ పూర్తిచేసి జర్మనీ పోతానని పట్టుబట్టింది. పొద్దున లేస్తూనే కళ్లకు ఆ నల్లటి హెడ్‌సెట్ తగిలించుకొని, నట్టింట్లో నిలబడి గాల్లో చేతులాడిస్తా మాట్లాడుతుంది. లోపల ఆసుపత్రి వార్డు కనిపిస్తుందంట. మంచం మీద రోగి బొమ్మ. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, ఒకటి నుంచి పది దాకా లెక్కేస్తే ఎంత అని జర్మన్‌లో అడగాల. తప్పు పలికితే రోగి విసుక్కోడు, కసురుకోడు. మళ్లీ అడగమని ఓపిగ్గా పడుకోనుంటాడు.

మా రోజుల్లో అంత ఓపిక ఎవరికుండేది? కుర్రతనంలో నేను మదనపల్లె మండీలో చింతపండు, శెనక్కాయల లెక్కలు రాసేవాణ్ణి. శ్రీనివాసపురం, చింతామణి వైపు నుంచి వచ్చిన వ్యాపారి ‘ఎష్టు?’ అని అడిగి, రేటు చెప్పగానే ‘కడిమె మాడి’ అని పట్టుబట్టేవాడు. వేలూరు నుంచి వచ్చినాయన ‘ఎవ్వళవు?’ అంటూ మొదలుపెట్టి ‘కొరచ్చుక్కోంగ’ అని బేరం కిందికి లాగేవాడు. మూటలెత్తే హమాలీలు ఉర్దూలో కేకలేసుకునేవాళ్లు. పుస్తకం లేదు, అయ్యవారు లేడు. ముందు అంకెలు పట్టుబడేవి, తర్వాత తిట్లు, ఆఖర్న మర్యాద మాటలు. మాట తప్పితే మండీ అంతా నవ్వేది. అంకె తప్పు వింటే జీతంలో కోత పడేది. ఆ భయానికే చెవులు తెరుచుకునేవి. ఎదుటి మనిషి మొహం చూసి ఎక్కడ పట్టుబట్టాలో, ఎక్కడ తగ్గాలో తెలిసేది. చదువు లేని గుమాస్తా కూడా నాలుగు భాషల్లో బేరం తెంచేవాడు.

ఇప్పుడో? మా బి.కొత్తకోటకు కర్ణాటక సరిహద్దు ఎంత దూరమని! అయినా మా వీధి పిల్లలకు కన్నడ బస్సు బోర్డు చదవడం రాదు, ఆ కండక్టరుతో నాలుగు మాటలాడడం రాదు. కుప్పంలో అయితే తెలుగు, తమిళం, కన్నడం ఒకే అంగడి ముందర వినబడతాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టింది కూడా ఆ ఊళ్లోనే. అలాంటి సీమలో పుట్టి ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు ఇరుగుపొరుగు భాషలు వదిలేసినారు. ఊరికే దొరికే భాషలు పోగొట్టుకొని, డబ్బులు పోసి బొమ్మల దగ్గర దూరదేశపు భాష నేర్చుకుంటున్నారు. నా కడుపుమంట ముందు అదీ.

ఈ బొమ్మల లోకాలు నిన్న మొన్నటివి కావు. 2003లోనే అమెరికాలో లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ ‘సెకండ్ లైఫ్’ తెచ్చింది. అప్పుడు హెడ్‌సెట్ లేదు, కంప్యూటర్ తెర మీదనే. మనిషి అవతార్ పేరుతో ఒక బొమ్మను ఎంచుకొని, అందులోని వీధుల్లో తిరుగుతా, వేరే దేశంలో కూర్చున్న మనిషితో మాట్లాడొచ్చు. భాష నేర్పే అయ్యవార్లు చాలామంది అక్కడికి చేరినారు. జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్ కూడా ఆ భాష ఓనమాలు నేర్చుకునేవాళ్ల కోసం విడిగా ఒక ఆటల పట్నమే కట్టింది. హోటల్లో తిండి చెప్పడం, ఆఫీసులో పని అడగడం, రోగిని పలకరించడం, ఇవన్నీ ఉద్యోగానికి పోకముందే అభ్యాసం చేయించడానికి ఇలాంటి లోకాలు పనికొస్తాయి.

దీంట్లో మేలు లేదని నేననను. నలుగురిలో నోరు విప్పని మా పిల్ల ఇప్పుడు గడగడా జర్మన్ మాట్లాడుతోంది. సిగ్గు పోయింది. అది చిన్న సంగతి కాదు. అయితే జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి కావాల. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుంటే అది నాలుగోది. పరీక్ష పాసైనాక ఎదురయ్యేది బొమ్మ కాదు, నిజం మనిషి. పళ్లూడిన ముసలాయన తన పల్లె యాసలో గొణుగుతాడు. పగటి షిఫ్టు నర్సు పోతా పోతా పది మంది రోగుల సంగతి గబగబా అప్పజెబుతుంది. డాక్టరు ఫోన్లో మందు మోతాదు చెబుతాడు. అక్కడ ఒక్క అంకె తప్పు వింటే పోయేది జీతం కాదు, ప్రాణం. ఆ భయం ఎరగని చెవికి భాష పూర్తిగా వచ్చినట్టు కాదు.

అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. మా కడప, రాయచోటి, మదనపల్లె వైపు నుంచి కువైట్‌కు పోయే ఆడోళ్లెందరు! చదువు తక్కువోళ్లకిచ్చే పాస్‌పోర్టుతో ఇంటిపనికి పోవాలంటే ఆడమనిషికి ముప్పై ఏండ్లు నిండి ఉండాలని సర్కారు రూలు పెట్టింది. వయసు చూసినారు సరే, భాష ఎవరు చూసినారు? కేంద్రం 2018లో ప్రయాణానికి ముందు ఒక్కరోజు శిక్షణ మొదలుపెట్టింది. ఒక్కరోజులో అరబ్బీ ఏమొస్తుంది? ఆమె పోయి పడేది కొత్త ఇంట్లో. ‘తఆల్’ అంటే రమ్మని, ‘జీబ్’ అంటే తెమ్మని, ‘మాయ్’ అంటే నీళ్లని తిట్లు తింటానే నేర్చుకుంటుంది. యజమానురాలిని ‘మామా’ అనాలని పక్కింట్లో పనిచేసే మన తెలుగామె చెబితేనే తెలుస్తుంది. జీతం బాకీ పడిందనో, ఒంట్లో బాగలేదనో చెప్పుకోను మాట రాక ఏడ్చినోళ్లను మా ఊర్లోనే చూసినా. మండీలో నేను పడిన భయం సాయంత్రం ఇంటికొస్తే తీరేది. ఆమెకు తిరిగొచ్చే ఇల్లు సముద్రానికి అవతల.

ఈ దేశంలో పనికోసం భాష నేర్పడం కొత్తా అంటే, కాదు. 1812లోనే మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టి, పండితులకు జీతాలిచ్చి, ఈస్టిండియా కంపెనీ తన తెల్ల ఉద్యోగులకు మన భాషలు నేర్పించింది. 1820లో కడపకు కొలువుకొచ్చిన సి.పి.బ్రౌన్ అట్లా తెలుగు మొదలుపెట్టిన మనిషే.  ఏలడానికి వచ్చినోళ్లకు భాష నేర్పను కాలేజీ పుట్టింది. అంట్లు తోమి ఇంటికి డబ్బు పంపే మా ఆడబిడ్డకు ఒక గది కూడా పుట్టలేదు.

కాబట్టి నేనడిగేది ఇదీ. ఆ హెడ్‌సెట్ నర్సులకే కాదు, కువైట్ పోయే ఇంటిపని మనిషికీ, డ్రైవరుకూ ఇవ్వండి. అందులో జర్మన్ వార్డు కట్టినట్టే కువైట్ వంటిల్లు కట్టండి. జీతం అడగడం, డాక్టరు కావాలనడం, ఈ పని నాది కాదనడం మొదటి పాఠాల్లోనే పెట్టండి. మండలానికొక గది చూపించి, అక్కడ నేర్పే పని కువైట్‌లో ఏండ్ల తరబడి చేసి తిరిగొచ్చిన మన ఆడోళ్లకే జీతమిచ్చి అప్పజెప్పండి. ఆ ఇండ్లలో ఏ మాటకు ఏ జవాబు చెప్పాలో వాళ్లకు తెలిసినంత ఏ కంపెనీకీ తెలియదు.